పొలం గుడిసెకు సోలార్: 45 వేలల్లో ఏ సామాన్లు కొనాలి? కార్తీక మాసం ముసురుకు కూడా నిలబడాల

నిమ్మతోట_పొదలకూరు

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో మూడెకరాల నిమ్మతోట. మోటారు షెడ్డు పక్కన కాపలా గుడిసె ఉండాది. వ్యవసాయ లైనులో పగలు 9 గంటలే కరెంటు, అదీ మోటారుకే. చీకటి పడితే ఏమీ లేదు. గుడిసెకు సోలార్ పెట్టాలనుకుంటుండాం.

కావాల్సింది: ఒక ఫ్యాను రాత్రి 10 గంటలు, మూడు 9 వాట్ల బల్బులు 5 గంటలు, బయట 30 వాట్ల ఫ్లడ్ లైటు రాత్రంతా, సిమ్ కార్డుతో నడిచే 4జీ కెమెరా ఒకటి 24 గంటలు, రెండు ఫోన్ల చార్జింగు.

షాపులో రాసిచ్చిన సామాను: 100 వాట్ల 12 వోల్టుల ప్యానెళ్లు రెండు, 30 ఆంప్స్ పీడబ్ల్యూఎం కంట్రోలరు (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి సర్ది పంపే డబ్బా), 150 ఏహెచ్ (ఆంప్-అవర్లు) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, 850 వీఏ ఇన్వర్టరు. మొత్తం 45 వేలు దాటకూడదు. ఇది సరిపోతాదా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

మల్టీమీటర్

సరిపోదు. ఎందుకో అంకెల్లో చూడండి.

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, 10 గంటలకు 750 వాట్-అవర్లు. బల్బులు మూడింటికి 135. ఫ్లడ్ లైటు 30 వాట్లు, 11 గంటలకు 330. కెమెరా సుమారు 6 వాట్లు, రోజంతా కాబట్టి 144. ఫోన్లకు 30 వేసుకోండి. అంతా కలిపి 1389. దీనికి తోడు ఇన్వర్టరు. దాని మీద ఏ లోడూ లేకపోయినా ఆన్‌లో ఉన్నంతసేపూ 10 నుంచి 20 వాట్లు తనే తింటుంది. 12 వాట్లే అనుకున్నా రోజుకు 288. మొత్తం 1677 వాట్-అవర్లు, అంటే రోజుకు యూనిట్‌న్నర పైమాటే.

ఇక రాబడి. నెల్లూరు వైపు మంచి రోజుల్లో పూర్తి ఎండ లెక్కన 5 గంటలు దొరుకుతుంది. 200 వాట్లు, 5 గంటలు, పీడబ్ల్యూఎం నష్టం, వేడి, దుమ్ము, వైరు నష్టం అన్నీ పోను చేతికొచ్చేది 650. ఖర్చు 1677, రాబడి 650. అదీ మార్చి నెల ఎండలో! బ్యాటరీ ఒక్కరోజు కూడా నిండదు. నిండని లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి ఏడాది తిరిగేసరికి 150 ఏహెచ్ కాస్తా 60, 70కి దిగుతుంది. అప్పుడు బ్యాటరీ కంపెనీని తిడతారు. తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపలేని ప్యానెల్‌ది.

అందుకే ముందు ఖర్చు తగ్గించండి, తర్వాత సామాను ఎంచుకుందాం.

ఫ్యాను: నేరుగా 12 వోల్టుల డీసీ మీద తిరిగే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను తీసుకోండి. 28 వాట్లు, 10 గంటలకు 280. మిగతా అన్నిట్లో కంటే పెద్ద ఆదా ఇక్కడే.

బల్బులు: 12 వోల్టుల డీసీ బల్బులు 7 వాట్లవి మూడు, 5 గంటలకు 105.

ఫ్లడ్ లైటు: మనిషో పశువో కదిలితే వెలిగే సెన్సారు లైటు 15 వాట్లది. రాత్రంతా కలిపి రెండు గంటలు వెలిగినా 30.

కెమెరా 144, ఫోన్లు 30. కూడితే 589, చేతికి 600 అనుకుందాం. ఇన్వర్టరుతో పనే లేదు, దాని డబ్బు ప్యానెల్‌కు పెట్టండి.

నిమ్మతోట_పొదలకూరు

1677 నుంచి 600కా! ఫ్యాను మార్చేదానికి ఒప్పుకుంటా. అయితే ఎప్పుడన్నా చిన్న టీవీ పెట్టుకోవాలంటే?

మల్టీమీటర్

300 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టరు చిన్నది, టీవీ చూసేటప్పుడే స్విచ్ వేసేలా. చూడటం అయిపోగానే కట్టేయాలి. ఒక్క మాట, దాన్ని కంట్రోలరు మీద బల్బు గుర్తు ఉండే లోడ్ టెర్మినళ్లకు కలపకండి. ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటుకు ఆ టెర్మినల్ వెనకున్న మాస్‌ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కాలిపోతాయి. ఇన్వర్టరు ఎప్పుడూ ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే.

ఒంగోలు_వైరింగ్

ప్యానెల్ సంగతి నేను చెప్తా. 100 వాట్ల 12 వోల్టుల ప్యానెళ్లు వాటు లెక్కన చూస్తే ఖరీదు. ఇళ్ల మీద పెట్టే 540 వాట్ల పెద్ద ప్యానెల్ ఒకటి తీసుకుంటే వాటు చాలా చవగ్గా పడిద్ది. దాని వెనక స్టిక్కరు చదవండి: ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 49 అటూ ఇటూ, పనిచేసే వోల్టేజి 41, కరెంటు 13 ఆంప్స్.

దీనికి పీడబ్ల్యూఎం కంట్రోలరు పనికిరాదు. పీడబ్ల్యూఎం అంటే స్విచ్ లాంటిది, ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజికి లాగేసిద్ది. 13 ఆంప్స్ అలాగే వస్తాయి గానీ వోల్టేజి 41 బదులు 13. అంటే 540 వాట్లు కొని 170 వాట్లు వాడుకున్నట్టు. పైగా 12 వోల్టులకే తయారైన చవక పీడబ్ల్యూఎం మీద 49 వోల్టులు పడితే అక్కడికక్కడే పోయిద్ది.

కావాల్సింది ఎంపీపీటీ, అంటే ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు దించి ఆ మేరకు కరెంటు పెంచి ఇచ్చే కంట్రోలరు, 40 ఆంప్స్, ప్యానెల్ వైపు 100 వోల్టులు తట్టుకునేది. ఇక్కడే మోసం ఎక్కువ. నీలం రంగు డబ్బా మీద ఎంపీపీటీ అని అచ్చేసి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్ముతున్నారు. చేత్తో పట్టుకుంటే తెలిసిద్ది, నిజమైన 40 ఆంప్స్ ఎంపీపీటీలో రాగి చుట్టిన పెద్ద కాయిల్, వెనక అల్యూమినియం హీట్ సింక్ ఉంటాయి కాబట్టి బరువుగా ఉంటది. అరచేతిలో అట్టముక్కలా తేలిపోతే వద్దు.

అనుమానం పూర్తిగా తీరాలంటే డీసీ చూపించే క్లాంప్ మీటరు తీసుకోండి. ఏసీ మాత్రమే చూపించే క్లాంప్ పనికిరాదు. మధ్యాహ్నం ఎండలో, బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు, ముందు ప్యానెల్ నుంచి వచ్చే ప్లస్ వైరు మీద క్లాంప్ వెయ్యండి. 10 ఆంప్స్ చూపించిందనుకోండి. ఇప్పుడు బ్యాటరీకి పోయే ప్లస్ వైరు మీద వెయ్యండి. అక్కడా 10 ఆంప్సే ఉంటే అది పీడబ్ల్యూఎం, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. 28, 30 ఆంప్స్ చూపిస్తే అసలైన ఎంపీపీటీ. బ్యాటరీ నిండాక ఈ పరీక్ష చేస్తే తప్పు అంకె వచ్చిద్ది, గుర్తుంచుకోండి.

ఆత్మకూరు_రైతు

ప్యానెల్ మాట బాగుంది. అయితే 600 వాట్-అవర్లకు 540 వాట్లు ఎందుకన్నా? 335 చాలదా? డబ్బు దండగ కదా.

మల్టీమీటర్

మార్చి నుంచి సెప్టెంబరు దాకా 335 బ్రహ్మాండంగా చాలుతుంది. మన జిల్లాలకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు సూర్యుడు కనపడడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందూ వెనకా నెల్లూరంతా ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి.

ముసురు రోజున పూర్తి ఎండ లెక్కన ఒక్క గంటే దొరుకుతుందనుకుందాం. నష్టాలు పోను 540 ప్యానెల్ 378 వాట్-అవర్లు ఇస్తుంది. 335 అయితే 234. షాపువాళ్లు రాసిన 200 అయితే 140. మీ ఖర్చు 600. రోజుకు తరుగు వరుసగా 222, 366, 460. బ్యాటరీలో వాడుకోదగ్గది 1090 వాట్-అవర్లు ఉందనుకుంటే 540తో దాదాపు అయిదు రోజులు, 335తో మూడు రోజులు, 200తో రెండు రోజుల మీద కాస్త. ముసురు విడిచాక మళ్లీ నింపుకోవడంలోనూ పెద్ద ప్యానెలే ముందుంటుంది.

బ్యాటరీ రెట్టింపు చేస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ప్యానెల్ పెంచే ఖర్చు చాలా తక్కువ. బ్యాటరీ పెంచితే ముసురులో ఖాళీ డబ్బా పెద్దదవుతుంది, అంతే. మే నెల ఎండను చూసి కాదు, కార్తీకం మబ్బును చూసి ప్యానెల్ కొనాలి.

ఆత్మకూరు_రైతు

ఒప్పుకున్నా. బ్యాటరీ మాత్రం ట్యూబులరే మేలంటా. పల్లెలో ఎవరైనా బాగుచేస్తారు, పాతదిస్తే సీసం రేటుకు డబ్బులొస్తాయి. లిథియం పోతే పారేయడమే గదా.

మల్టీమీటర్

మీ మాటలో నిజం ఉంది, పాత ట్యూబులర్‌కు రేటు పలుకుతుంది. అయినా ఈ గుడిసెకు నా ఓటు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కే. కారణం ముసురే.

150 ఏహెచ్ ట్యూబులర్‌లో సగమే వాడాలి, అంటే 900 వాట్-అవర్లు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ ఫాస్ఫేట్‌లో మొత్తం 1280, అందులో 85 శాతం వాడినా 1090 వస్తాయి. వారం రోజులు సగం నిండి, సగం నిండక ఉన్నా ఫాస్ఫేట్‌కు ఏమీ కాదు. ట్యూబులర్‌కు అదే విషం. వేడి మాటకొస్తే, ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ లెడ్ యాసిడ్ ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఫాస్ఫేట్‌కూ వేడి మంచిది కాదు, కాకపోతే తట్టుకోవడం నయం. ఏది కొన్నా గుడిసెలో ఉత్తరం గోడ వైపు, నేలకు అడుగు ఎత్తున, గాలాడే చోట పెట్టండి.

ట్యూబులరే కొంటామంటే ఇవి చూసుకోండి. ఏహెచ్ పక్కన సీ10 (పది గంటల్లో ఖాళీ చేసే లెక్క) అని ఉండాలి. సీ20, అంటే ఇరవై గంటల లెక్కన 150 అని రాసింది సీ10 లెక్కకొస్తే తగ్గుతుంది. చార్జింగు 14.4 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 13.6 దగ్గర, ఉష్ణోగ్రత సెన్సారు వైరు బ్యాటరీకి అంటించి ఉండాలి. బ్యాటరీ నిండాక హైడ్రోమీటరు (యాసిడ్ సాంద్రత చూపే గొట్టం) 1.240, 1.250 మధ్య చూపాలి. ఆరు సెల్లుల్లో ఒకటి మాత్రం 1.200 దగ్గరే ఆగితే ఆ సెల్లు మీద కన్నేసి ఉంచండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు వద్దు.

నిమ్మతోట_పొదలకూరు

ఫాస్ఫేట్ కొనేటప్పుడు ఏం చూడాలన్నా? బయట అన్నీ ఒకే తీరు డబ్బాలు.

ఒంగోలు_వైరింగ్

మొదట తూకం. 100 ఏహెచ్ సెల్లు ఒక్కోటి రెండు కిలోలు, నాలుగు కలిపితేనే ఎనిమిది. డబ్బా, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు), వైర్లతో 10 నుంచి 12 కిలోలు రావాలి. మొత్తం ఎనిమిది కిలోల లోపే తూగితే అందులో 100 ఏహెచ్ లేనట్టే.

రెండోది, స్టిక్కరు మీద 12.8 వోల్టులని ఉండాలి. 11.1 అని ఉంటే అది వేరే రకం లిథియం, మూడు సెల్లులది. దాన్ని ఫాస్ఫేట్ కోసం 14.2 వోల్టుల చార్జింగుకు పెట్టిన కంట్రోలరుకు కలిపితే ప్రమాదం.

మూడోది ఇంటికి తెచ్చాక చేసే పరీక్ష. పూర్తిగా నింపి, 12 వోల్టుల 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు రెండు సమాంతరంగా కలపండి. రెండూ కలిపి 9 ఆంప్స్ దాకా లాగుతాయి. 100 ఏహెచ్ నిజమైతే 11 గంటలు వెలగాలి. ఆరు గంటలకే బీఎంఎస్ కట్టేసిందంటే లోపల 55 ఏహెచ్ ఉన్నట్టు, అట్నే వెనక్కి తీసుకెళ్లండి. బల్బులు బాగా కాలతాయి, బండ మీద పెట్టండి, ఎండుగడ్డికి దూరంగా.

బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద 28 నుంచి 18కి తగ్గింది. ఇంకా పాత శాతమే వేస్తే అడగండి.

నిమ్మతోట_పొదలకూరు

మధ్యలో ఇంకో మాట. సబ్సిడీ ఏమన్నా వస్తాదా దీనికి? సూర్యఘర్ అంటుండారే.

మల్టీమీటర్

రాదు. పీఎం సూర్యఘర్ ఇంటి పైకప్పు మీద పెట్టి కరెంటు లైనుకు కలిపే వాటికే. బ్యాటరీతో విడిగా నడిచే గుడిసె సోలార్‌కు వర్తించదు.

కొత్తపట్నం_తీరం

స్టాండు గురించి ఎవరూ రాయలేదు. తుపాను రోజు ముందు పోయేది అదే.

540 ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, 27 కిలోల పైన. నెల్లూరుకు ఐఎస్ 875 (కట్టడాల మీద గాలి బలం లెక్కకు భారత ప్రమాణం) లెక్కలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ప్యానెల్‌కు ఎదురుగా తగిలితే 390 కిలోల బలం పడిద్ది. తాటాకు కప్పు మీదగానీ, రేకుల మీదగానీ పెడితే కప్పుతో సహా లేచిపోయిద్ది. నేల మీదే పెట్టండి.

రెండంగుళాల జీఐ పైపులు రెండు, ఒక్కోదానికి ఒకటిన్నర అడుగు చదరం, మూడడుగుల లోతు గుంత, నిండా కాంక్రీటు. గుంతకు దాదాపు 450 కిలోల బరువు కూర్చుంటది. పైపు అడుగున అడ్డంగా ఒక కమ్మీ వెల్డింగ్ చేయిస్తే కాంక్రీటులోంచి జారదు. వారం తడిపాకే ప్యానెల్ ఎక్కించండి.

దక్షిణం వైపు ముఖం. పొదలకూరుకు 15 డిగ్రీల వాలు మామూలు లెక్క. చలికాలంలో ఎక్కువ రావాలంటే 20 పెట్టండి, వాన నీళ్లకు దుమ్ము కూడా బాగా జారిద్ది. డిసెంబరు నెల పొద్దున తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ చెట్టు నీడ ఎక్కడి దాకా వస్తదో చూసి చోటు ఎంచండి. ఎండాకాలంలో చూస్తే మోసపోతారు, అప్పుడు సూర్యుడు నెత్తి మీద ఉంటాడు. ప్యానెల్‌లో నీడ పడ్డ భాగాన్ని వదిలేసి కరెంటును దాటించే బైపాస్ డయోడ్లు మూడే ఉంటాయి, ఒక మూల మీద కొమ్మ నీడ పడినా మూడో వంతు పోవచ్చు.

మాలాగా ఉప్పుగాలి తగిలే చోటైతే బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ 304, బాగా తీరం పక్కనైతే 316. మామూలు ఇనప బోల్టు అల్యూమినియం ఫ్రేములో బిగిస్తే రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి రెండింటినీ తినేసిద్ది. ఏడాదికి స్పానరు తిరగదు. బ్యాటరీ టెర్మినళ్లకు, లగ్గులకు (వైరు చివర నొక్కే లోహపు కొసలకు) పెట్రోలియం జెల్లీ పుయ్యండి, బిగించాకే, ముందు కాదు.

తేవడానికి బైకు కుదరదు, ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ప్యానెల్‌ను నిలువుగా, కింద గడ్డి వేసి తాడుతో కట్టాలి. పరిచి దాని మీద బరువు పెడితే గాజు పగలకపోయినా లోపల సెల్లులకు వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, అవి కళ్లకు కనపడవు.

ఒంగోలు_వైరింగ్

ఇప్పుడు వైర్లు. గుడిసెకు, ప్యానెల్‌కు ఎంత దూరం?

నిమ్మతోట_పొదలకూరు

15 మీటర్లు. ఫ్లడ్ లైటు గేటు దగ్గర, 30 మీటర్లు. డీసీకి ఇంట్లో వాడే ఎంసీబీలు మిగిలుండాయి, అవి వేద్దామనుకుంటుండా.

ఒంగోలు_వైరింగ్

ఆ ఎంసీబీలు వద్దు. ఇంటి కరెంటు ఏసీ, సెకనుకు 100 సార్లు సున్నా దాటిద్ది, ఆ సున్నా దగ్గర ఆర్క్ దానంతటదే ఆరిపోయిద్ది. డీసీకి సున్నా లేదు. ఎండలో ఎంసీబీ దించితే లోపల నిప్పు గీత అట్నే నిలబడి ప్లాస్టిక్ కాలిపోయిద్ది. డీసీ అని రాసిన రెండు పోల్స్ ఎంసీబీ 20 ఆంప్స్ కొనండి. దాని మీద ప్లస్ గుర్తు ఉంటే అటే కలపాలి.

ప్యానెల్ నుంచి కంట్రోలరుకు 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) సోలార్ కేబులు. పోను రాను 30 మీటర్లకు 0.15 ఓమ్‌లు. 13 ఆంప్స్ మీద 2 వోల్టులు పోతాయి, 41లో 2 అంటే అయిదు శాతం లోపే. అదే షాపువాళ్లు చెప్పిన 12 వోల్టుల ప్యానెళ్లు సమాంతరంగా పెట్టి 18 వోల్టుల మీద ఇంతే కరెంటు తెచ్చి ఉంటే తొమ్మిదో వంతు వైరులోనే పోయేది.

కంట్రోలరు నుంచి బ్యాటరీకి 10 స్క్వేర్, మీటరు పొడవు మించొద్దు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 50 ఆంప్స్ ఫ్యూజు. దూరంగా పెడితే మధ్యలో వైరు రాసుకుని షార్ట్ అయినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి, ప్లయర్‌తో నొక్కితే ఆరు నెలలకు వదులై వేడెక్కి నల్లబడతాయి.

గేటు లైటుకు 2.5 స్క్వేర్. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజుల పెట్టె ఒకటి పెట్టుకుంటే ఫ్యానుకు, బల్బులకు, కెమెరాకు వేరువేరు ఫ్యూజులు వేసుకోవచ్చు.

మల్టీమీటర్

కెమెరా గురించి ఒక హెచ్చరిక. అడాప్టరుతో సరిగ్గా 12 వోల్టులు అందుకోవాల్సిన కెమెరాకు నేరుగా బ్యాటరీ ఇస్తే, చార్జింగు వేళ 14 పైన పడుతుంది. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని కాలతాయి. మధ్యలో 12 వోల్టులు స్థిరంగా ఇచ్చే బక్-బూస్ట్ మాడ్యూలు 2 ఆంప్స్‌ది పెట్టండి. బల్బులు, ఫ్యాను కొనేటప్పుడు 10 నుంచి 15 వోల్టులని రాసి ఉందా చూడండి.

ఫాస్ఫేట్‌కు కంట్రోలరు సెట్టింగు: చార్జింగు 14.2, ఫ్లోట్ 13.5, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కు అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజితో చేసే చార్జింగు) ఆపేయాలి, ఉష్ణోగ్రత సవరణ సున్నా, లోడ్ కట్ 12.0. బీఎంఎస్ 14.6 దగ్గర కట్ చేస్తుంది, మన చార్జింగు దానికి కింద ఉండాలి. మంచి ఎండలో బీఎంఎస్ ఒక్కసారిగా బ్యాటరీని విడదీస్తే ప్యానెల్ వోల్టేజి లోడ్ల మీదకు తన్నుతుంది, కెమెరాలు పోయేది ఇలాగే.

ఇంకోటి, ఫాస్ఫేట్‌లో వోల్టేజి చూసి ఎంతుందో చెప్పలేం. సగం ఉన్నా, ముప్పావు ఉన్నా 13.2, 13.3 అనే చూపిస్తుంది. లోడు లేనప్పుడు కూడా 12.8 చూపించిందంటే అడుగుకొచ్చినట్టే. షంట్‌తో ఆంప్స్ లెక్కపెట్టే మీటరు ఒకటి పెట్టుకుంటే ముసురు రోజుల్లో ఫ్యాను ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది.

నిమ్మతోట_పొదలకూరు

చివరి లిస్టు ఇదే: 540 ప్యానెల్ 1, ఎంపీపీటీ 40 ఆంప్స్ 1, ఫాస్ఫేట్ 100 ఏహెచ్ 1, డీసీ ఎంసీబీ 20 ఆంప్స్, 50 ఆంప్స్ ఫ్యూజు, 4 స్క్వేర్ 30 మీటర్లు, 10 స్క్వేర్ 2 మీటర్లు, 2.5 స్క్వేర్ 60 మీటర్లు, ఫ్యూజు పెట్టె, బక్-బూస్ట్, షంట్ మీటరు, పైపులు, సిమెంటు. ఇన్వర్టరు తీసేశాం గాబట్టి 45 వేలకు అటూఇటూ వస్తుండాది. కలిపేటప్పుడు వరుస ఏంది?

ఒంగోలు_వైరింగ్

ముందు బ్యాటరీ, కంట్రోలరు వెలిగి 12 వోల్టుల సిస్టం అని చూపించాక సెట్టింగులు, ఆ తర్వాత ప్యానెల్ ఎంసీబీ, ఆఖర్న లోడ్లు. విప్పేటప్పుడు తిరగేసి: లోడ్లు, ప్యానెల్, చివరికి బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే కంట్రోలరు పోయిద్ది, వారంటీలో కూడా తీసుకోరు. ప్యానెల్ వైర్లకు ఎంసీ4 కనెక్టర్లు బిగించాక ఎంసీబీ దగ్గర మీటరు పెట్టి ప్లస్, మైనస్ చూడందే ముందుకు పోవద్దు. కేబులు రంగు నమ్మకండి.

కొత్తపట్నం_తీరం

స్టాండు లిస్టులో ఒకటి కలపండి: ప్యానెల్‌ను పట్టుకునే నాలుగు 8 ఎంఎం స్టెయిన్‌లెస్ బోల్టులకు సరిపోయే 13 నంబరు స్పానర్లు రెండు, గుడిసెలోనే వేలాడదీయండి. తుపాను హెచ్చరిక వస్తే ఎంసీబీ దించి, ఎంసీ4 విడదీసి, ఇద్దరు కలిస్తే పావుగంటలో ప్యానెల్ దించి గోడకు ఆనించొచ్చు. ఎండలో ఎంసీబీ దించకుండా ఎంసీ4 లాగొద్దు, చేతి దగ్గరే ఆర్క్ కొట్టిద్ది.